నమూనా సంతకం

"నాన్నా, నువ్వు దేని మీదా సంతకం పెట్టకు" అంటూ లోపలికొచ్చింది ఆడపడుచు. రెండు బస్సులు మారి వచ్చిన మనిషి చేతిలో సంచి కింద పెట్టలేదు, మంచినీళ్లడగలేదు, నేరుగా తండ్రి కుర్చీ ముందుకెళ్లి నిలబడింది.

ముందుగదిలో ఉన్నది నలుగురు. నిన్నంతా అరుచుకుని, పొద్దున్నుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఉన్నారు. తండ్రి, ఒకప్పటి ఫ్యాక్టరీ మేస్త్రి, కిటికీ పక్కన కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నె తుడుస్తోంది, ఆ గిన్నె ఎప్పుడో ఆరిపోయింది. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లాల్సిన కొడుకు సూపర్‌వైజరు చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకోవడం మరిచిపోయి అటూ ఇటూ తిరుగుతున్నాడు. కోడలు నేల మీద కూర్చుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని, వాటాల ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుతోంది.

"నీకెవరు చెప్పారే?" అంది అత్తగారు.

"పక్కింటావిడ ఫోన్ చేసింది. మీ మరదలు మీ నాన్న చేత వాటాల మీద సంతకాలు పెట్టిస్తోంది, నిన్నటి నుంచి మీ ఇంట్లో ఒకటే రభస అని. ఇల్లు వాటాలు వేసుకుంటూ నాకొక్క మాట చెప్పరా? పెళ్లి చేసి పంపేశారు కాబట్టి నేనిక ఈ ఇంటి మనిషిని కాదా?"

మామూలు రోజైతే కోడలు పడీపడీ నవ్వేది. ఇవాళ నవ్వు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

"అవి ఇంటి వాటాలు కావు వదినా. కంపెనీ వాటాలు. షేర్లు."

"షేర్లా?" ఆడపడుచు అప్పుడు సంచి కింద పెట్టింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. బస్సులో అంతసేపూ ఏడుస్తూ వచ్చాను."

"ఏడవడానికి ఇంకా బోలెడు టైముంది, కూర్చో అక్కా" అన్నాడు తమ్ముడు.

ఆ వాటాల భాగోతం చిన్నదేం కాదు. డబ్బాల కంపెనీకి గడ్డురోజులొచ్చిన ఒక ఏడాది, బోనస్ ఇవ్వలేక, పనివాళ్ల చేతుల్లో తలా కొన్ని వాటా కాగితాలు పెట్టారు. వాటిని ఏం చేసుకోవాలో తెలియక చాలామంది ట్రంకు పెట్టెల అడుగున పరిచి, పైన బట్టలు సర్దుకున్నారు. తర్వాత కంపెనీ పెరిగి పెద్దదై ఆరు ఊళ్లలో ఫ్యాక్టరీలు పెట్టింది. పెట్టెల అడుగున కాగితాల సంగతి అందరూ మరిచిపోయారు.

కోడలిది ఆ కంపెనీలోనే మూతల లైను. రేకు ప్రెస్సు కిందికి వెళ్తుంది, ప్రెస్సు దిగుతుంది, మూత పడుతుంది. ప్రెస్సు ముందు ఇనుప జాలీ అడ్డం ఉండాలి, చెయ్యి లోపలికి పోకుండా. జాలీ ఉంటే పని నిదానంగా సాగుతుంది, తీసేస్తే పరుగెడుతుంది. అందుకని ఆ జాలీ ఏడాది పొడుగునా గోడకి ఆనించే ఉంటుంది. ఆరు నెలల కిందట, అందరూ జడల పిల్ల అని పిలిచే అమ్మాయికి చూపుడు వేలు సగం తెగిపోయింది. ప్రమాదాల పుస్తకంలో మాత్రం 'ఇంటి వద్ద తలుపు సందులో పడి' అని రాశారు. దాని కింద ఆ పిల్ల చేతే సంతకం పెట్టించారు.

కోడలికి కడుపు మండిపోయింది. మేనేజరు దగ్గరికెళ్తే కూర్చోమని కూడా అనలేదు. లేబర్ ఆఫీసుకెళ్తే రేపు రమ్మన్నారు, ఆ రేపు ఇంతవరకూ రాలేదు. అప్పుడు గుర్తొచ్చాయి పెట్టె అడుగున కాగితాలు. పనివాళ్లు అడిగితే వినరు సరే, వాటాదారులు అడిగితే వినక ఏం చేస్తారు? వాటాదారులు తీర్మానం పెడితే, కంపెనీ దాన్ని వార్షిక సమావేశంలో అందరి ముందూ చదివి ఓటుకి పెట్టి తీరాలి.

తీర్మానం పొడుగైనదేం కాదు. ఆరు ఫ్యాక్టరీల్లో జరిగే ప్రతి ప్రమాదాన్నీ బయటివాళ్ల చేత విచారణ చేయించి ప్రకటించాలి. జాలీ లేని మిషన్ని ఆపేసే హక్కు పనివాళ్లకుండాలి. ఆపినందుకు జీతం కొయ్యకూడదు. టీచర్ల పింఛను నిధివాళ్లకు ఆ కంపెనీలో కొండంత వాటా ఉంది. మీ తీర్మానం అజెండాలోకి వస్తే మా ఓట్లన్నీ దానికే అని వాళ్లు ఉత్తరం కూడా రాశారు. అప్పటి నుంచి ఫ్యాక్టరీలో కోడలికి తీర్మానమ్మ అని పేరు పడిపోయింది.

"అంతా బాగానే ఉందిగా. మరి గొడవెక్కడ?" అంది ఆడపడుచు.

"వందమంది వాటాదారులు సంతకం పెడితేనే తీర్మానం తీసుకుంటారు వదినా. ఒక్క వాటా ఉన్నా మనిషి మనిషి కిందే లెక్క. ఎండనక వాననక తిరిగి సరిగ్గా వందమందిని పోగేశాం. నిన్న ఈ ఉత్తరం వచ్చింది. మావయ్య సంతకం వాళ్ల దగ్గరున్న నమూనా సంతకంతో కలవలేదంట. పేరు కొట్టేశారు."

"కలవకపోవడమేంటి?"

మేస్త్రి ఒళ్లో ఉన్న కుడిచెయ్యి కొంచెం కదిలింది. ఆ చేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఉన్నాయి.

ఒకప్పుడు ఆయన్ని ఫ్యాక్టరీలో దస్తూరి మేస్త్రి అనేవాళ్లు. నోటీసు బోర్డు మీద ఏం రాయాలన్నా ఆయన్నే పిలిచేవాళ్లు. సంతకం పెడితే చివర ఒక వంకీ తిప్పి, కింద గీత గీసి, గీత కింద రెండు చుక్కలు పెట్టేవాడు. వాటాల ఆఫీసులో ఉన్నది ఆ సంతకం. ఇప్పుడు పెట్టేది రెండు వేళ్ల మధ్య కలం ఇరికించి గీసే నాలుగు వంకర గీతలు.

"ఇవాళ సాయంత్రం నాలుగు గంటల్లోపు మావయ్య స్వయంగా వెళ్లాలి. సంతకం ఎందుకు మారిందో కారణం రాసి, రుజువు పెట్టి, అప్పటి సంగతి తెలిసిన సాక్షి చేత సంతకం చేయిస్తే కొత్త నమూనా తీసుకుంటారంట. లేకపోతే మేం తొంభై తొమ్మిది మందిమి. తొంభై తొమ్మిది మంది తీర్మానాన్ని వాళ్లు చెత్తబుట్టలో వేసుకోవచ్చు."

"వేసుకోనీ. పీడా పోతుంది" అన్నాడు భర్త.

"చూశావా వదినా, నిన్నటి నుంచీ ఇదే పాట."

"పాటేం కాదు. నిన్న మేనేజరు నన్ను గదిలోకి పిలిచి టీ ఇచ్చాడు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఇవ్వలేదు. టీ ఇచ్చి, మీ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. నాకు గుటక పడలేదు."

"బాగానే ఉందని చెప్పాల్సింది."

"చెప్పాను. ఆయన ఎప్పటికీ బాగుండాలనే మేమూ కోరుకుంటున్నాం అన్నాడు. దానికి అర్థమేంటో నీకు తెలీదా?"

"తెలుసు. బెదిరిస్తున్నాడు. మీరు బెదిరితే రేపు ఇంకో పిల్ల వేలు తలుపు సందులో పడుతుంది."

"సరే, వేరే ఎవరి చేతైనా పెట్టించుకో ఆ సంతకం."

"ఎవరి చేత? మిగిలినవాళ్ల పిల్లలందరూ ఫ్యాక్టరీలో ఉన్నారు. నన్ను చూస్తేనే తలుపులేసుకుంటున్నారు."

"మరి ఈయన కొడుకెక్కడున్నాడు? ఆకాశంలోనా?"

నిన్నటి నుంచి ఎన్ని అరిచినా, భర్త భయం అబద్ధం కాదని కోడలికి తెలుసు. అందుకే ఇంకా కోపమొస్తోంది.

ఆమె మావగారి వైపు తిరిగింది. "అసలు ఇంత రాద్ధాంతం దేనికి మావయ్యా? కారణం రాయడానికి మీకొచ్చిన ఇబ్బందేంటి? మన ఇంట్లో మోటారు బెల్టులో చెయ్యి పడిందని రాస్తే సరిపోతుందిగా. ఆస్పత్రి చీటీ ఏదైనా ఉంటే జతచేద్దాం."

"మోటారేంటి?" అంది ఆడపడుచు.

"అదే వదినా, ఇంట్లో నీళ్ల మోటారు."

"మనింట్లో మోటారెక్కడిది? చేతిపంపేగా. ఆ పంపు కొట్టి కొట్టే నా భుజాలు పడిపోయాయి. నాన్న చెయ్యి ప్రెస్సులో కదా పోయింది? అమ్మే ఫోన్లో ఏడుస్తూ చెప్పింది."

అత్తగారు గిన్నె తుడవడం ఆపేసింది.

కోడలు ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది. మావగారు వీధిలోకి చూస్తున్నారు, అత్తగారు గిన్నెలోకి చూస్తోంది, భర్త గోడకేసి చూస్తున్నాడు. ఆడపడుచుకి తను ఏం అన్నదో ఇంకా అర్థం కాలేదు. ఈ ఇంటికొచ్చి ఎనిమిదేళ్లయింది. పెళ్లయిన కొత్తలో ఆ చెయ్యి సంగతి అడిగితే మోటారు బెల్టన్నారు. ఆ మోటారేదని అడిగితే, ఆ దరిద్రాన్ని అప్పుడే అమ్మేశాం అన్నారు. నమ్మింది. నమ్మక, అత్తవారింట్లో రుజువులు అడుగుతామా?

"మావయ్యా?"

"అమ్మాయి చెప్పిందే నిజం తల్లీ" అన్నాడు మేస్త్రి. నిన్నటి నుంచి ఆయన నోరు విప్పడం అదే మొదలు. "జాలీ తీసేసిన ప్రెస్సు కిందే పోయాయి. నేను ఆస్పత్రిలో ఉండగా కంపెనీవాళ్లు టైపు చేసిన కాగితం తెచ్చారు. ఇంటి దగ్గర మోటారు బెల్టులో పడిందని ఉంది అందులో. ఎడంచేత్తో సంతకం పెట్టాను. రెండు వారాలకి వీడికి ఉద్యోగమిచ్చారు."

ఆరు నెలలుగా ఏ అబద్ధం మీద కోడలు గడప గడపా తొక్కి పోట్లాడుతోందో, ఆ అబద్ధం తన ఇంట్లోనే కాపురముంటోంది.

"మీకు తెలుసా?" అని అడిగింది భర్తని.

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటావు? నాన్న వేళ్లు ఇచ్చి నాకు ఉద్యోగం కొన్నారని చెప్పమంటావా? సూపర్‌వైజరునని ఈ చొక్కా తొడుక్కున్న ప్రతిరోజూ నాకా చెయ్యే కనపడుతుంది. నీక్కూడా కనపడాలా?" అతను విప్పి ఉన్న గుండీలు అప్పుడు చూసుకుని, వరస తప్పి పెట్టుకున్నాడు.

కోడలికి అతన్ని తిట్టాలనీ ఉంది, దగ్గరికెళ్లి ఆ గుండీలు సరిచెయ్యాలనీ ఉంది. రెండూ చెయ్యలేక కూర్చుంది.

అతనే మళ్లీ మొదలుపెట్టాడు. "ఒక దారుంది. ఆ కాగితం నకలు అమ్మ దగ్గరుంది. కంపెనీ లెటర్‌హెడ్ మీదే ఉంది. చెయ్యి పోయిందనడానికి అంతకంటే రుజువేం కావాలి? కారణం మోటారు బెల్టనే రాయండి. నీ తీర్మానం నీకు దక్కుతుంది, నా ఉద్యోగం నాకుంటుంది. నేనింకేం అడ్డుచెప్పను."

కోడలు మావగారి వంక చూసింది. ఆయన అవునన్లేదు, కాదన్లేదు.

ఇంత తేలికైన దారి దొరికితే వదులుకోవడానికి ఆమేమైనా సన్యాసా? ఇంటికి ఇల్లు నిలబడుతుంది, పనికి పని జరుగుతుంది. "సరే" అంది. అన్నాక సిగ్గేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

అత్తగారు లోపలికెళ్లి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. పెట్టి, అక్కడికక్కడే చీర కొంగు సర్దుకుంది.

"నేనూ వస్తాను."

"మీరెందుకత్తయ్యా ఎండలో?"

"సాక్షి కావాలన్నారుగా. నువ్వప్పటికి ఈ ఇంటికి రాలేదు, నీ సంతకం పనికిరాదు. పైగా ఈయన అక్కడ ఏం వాగుతారో ఏమో, పక్కన ఒకరుండాలి" అంది అత్తగారు. పన్నెండేళ్లు ఆయన నోరు కట్టేసి కూర్చోబెట్టిన మనిషి, ఇంకో గంటన్నర కట్టెయ్యలేకపోతుందా అన్న ధీమా ఆవిడది.

*

కంపెనీ వాటాల లెక్కలు చూసే ఆ వాటాల ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మేస్త్రి ప్రతి మలుపు దగ్గరా ఆగాడు, అత్తగారు ప్రతి మలుపు దగ్గరా కంపెనీని తిట్టింది. పైకి చేరేసరికి గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది.

గదికి అడ్డంగా అద్దం, అద్దానికి ఒక గుండ్రటి కన్నం. ఆ కన్నం ఏ ఎత్తు మనిషి కోసం పెట్టారో గానీ, పొడుగువాళ్లు వంగాలి, పొట్టివాళ్లు మునివేళ్ల మీద లేవాలి. అద్దం వెనక కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్న గుమాస్తా కూర్చున్నాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. ఉత్తరం చదివి, మేస్త్రి చెయ్యి చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు.

"రుజువు తెచ్చారా?"

కోడలు కాగితం కన్నంలోంచి తోసింది. గుమాస్తా కళ్లజోడు కిందికి లాక్కుని చదివాడు.

"ఇదుంటే ఇంకేం కావాలండీ? కంపెనీ కాగితమే. ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అని ఫారం తీశాడు. "కారణం నేనే రాసేస్తాను. ఇంటి వద్ద మోటారు బెల్టులో..."

"రాయకండి" అన్నాడు మేస్త్రి.

గుమాస్తా కలం ఆగింది. అత్తగారు మేస్త్రి మోచెయ్యి పట్టుకుంది. "మీరు ఊరుకుంటారా?"

"పన్నెండేళ్లు ఊరుకున్నాను. బాబూ, ఇంటి దగ్గర అని కాదు, కంపెనీలో అని రాయండి. ప్రెస్సు కింద అని రాయండి. జాలీ లేదని కూడా రాయండి."

కోడలు మావగారి చెవి దగ్గరగా వంగింది. "మావయ్యా, ఇప్పుడొద్దు. ఇది గడవనివ్వండి. మీ అబ్బాయి ఉద్యోగం సంగతి..." ఆ మాటలు తన నోట్లోంచే వస్తున్నాయంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. మేనేజరు మీదికి ఒంటికాలి మీద లేచిన తీర్మానమ్మేనా ఈ మాటలంటున్నది? "తర్వాత, సమావేశంలో చెబుదాం. అందరి ముందూ చెబుదాం."

"సమావేశంలో ఏం చెబుతావమ్మా?"

"ప్రమాదాల పుస్తకం నిండా అబద్ధాలున్నాయని."

"అప్పుడెవరో ఒకరు లేచి, మీ వందో సంతకానికి కారణం ఏం రాశారని అడుగుతారు. మోటారు బెల్టని చదువుతారు. నీ తీర్మానం అక్కడే కూలిపోతుంది." మేస్త్రి గొంతు పెంచలేదు. ఫ్యాక్టరీలో కొత్త కుర్రాళ్లకి మిషన్ గురించి ఎలా చెప్పేవాడో అలాగే చెప్పాడు. "నీ కోసమైనా సరే, నాకోసమైనా సరే, రెండోసారి ఆ అబద్ధం మీద సంతకం పెట్టను. తీర్మానం పోతే పోనీ."

ఆరు నెలలుగా ఆమె అందరికీ చెబుతున్న మాటే ఆయన ఇప్పుడు ఆమెకి చెప్పాడు. కోడలికి తల కొట్టేసినట్టయింది.

గుమాస్తా కలం మూతపెట్టి, గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, నాకు మీ మీద ఏ పగా లేదు. కానీ మీరు అలా రాస్తే ఈ కాగితం రుజువుగా పనికిరాదు. కాగితం ఒకటి చెబుతోంది, మీరు ఒకటి చెబుతున్నారు. మోటారంటే ఇప్పుడే ముద్ర వేసేస్తాను. ప్రెస్సంటే, ఆ రోజు కళ్లతో చూసినవాళ్లు సాక్షిగా రావాలి. అలాంటివాళ్లున్నారా?"

మేస్త్రి తలొంచుకున్నాడు. ఆ రోజు పక్క ప్రెస్సు మీద ఉన్నతను చనిపోయి నాలుగేళ్లయింది. ఎదుటి ప్రెస్సు అతను ఎక్కడున్నాడో తెలీదు. గడియారం మూడున్నర.

కోడలు ఫైలు మూసేసింది. ఇక ఇంటికెళ్లి తొంభై తొమ్మిది మందికీ ఫోన్లు చేసి ఏం చెప్పాలో ఆలోచించడం మొదలుపెట్టింది. ఏం చెప్పినా సరే, ఆయన్ని మాత్రం ఒక్క మాట అనకూడదని గట్టిగా అనుకుంది.

"నాయనా" అంది అత్తగారు. ఆవిడ మునివేళ్ల మీద లేచి కన్నం దగ్గర నోరు పెట్టింది. "ఆ పాత కాగితం చివర సాక్షి అని ఒక సంతకం ఉంటుంది చూడు."

గుమాస్తా చూశాడు. "ఉందండీ."

"అది నాది."

కోడలు గిరుక్కున తిరిగింది. ఆ కాగితం ఇంటి దగ్గర్నుంచీ ఆమె ఫైల్లోనే ఉంది, చదివింది కూడా. కింద ఉన్న ఆ చిన్న సంతకం ఎవరిదో చూడాలని తోచలేదు. కంపెనీవాళ్లదే అనుకుంది.

"ఆ ఫారం ఇలా ఇవ్వు" అంది అత్తగారు. గుమాస్తా ఏదో అనబోయి, ఇచ్చేశాడు. ఆవిడ ఫారాన్ని అద్దానికి ఆనించి, సాక్షి అన్న చోట ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. "రెండూ పక్కపక్కన పెట్టి చూడు. కలిశాయా?"

గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"అచ్చుగుద్దినట్టున్నాయండీ."

"అయితే రాసుకో. ఆ రోజు నేను ఫ్యాక్టరీ దగ్గరే ఉన్నాను, కళ్లతో చూశాను. చూసి కూడా ఈ సంతకం అబద్ధానికి పెట్టాను. ఇవాళ అదే సంతకం నిజానికి పెడుతున్నాను. రెండింట్లో ఏది నమ్ముతారో మీ ఇష్టం. నా సంతకం కాదని మాత్రం మీ బాబులు దిగొచ్చినా అనలేరు."

"ఏమిటే నువ్వు చేసేది?" అన్నాడు మేస్త్రి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు నోరు మూసుకోండి. నాతో గొడవ ఇంటికెళ్లాక పెట్టుకుందురు గాని."

గుమాస్తా కారణం గడిలో మేస్త్రి చెప్పింది చెప్పినట్టు రాశాడు. మేస్త్రి రెండు వేళ్ల మధ్య కలం ఇరికించి మూడు చోట్ల నమూనా సంతకం పెట్టాడు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. గుమాస్తా అవే చాలన్నట్టు ఫారం లాక్కున్నాడు.

"ముద్ర వేసేముందు లోపల చూపించాలండీ. ఇది మామూలు కారణం కాదు" అని కాగితాలు తీసుకుని వెనక తలుపు తోసుకుని వెళ్లాడు. తలుపు మూసుకుంది. లోపల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత ఎవరో ఫోన్లో గబగబా మాట్లాడటం మొదలుపెట్టారు.

మూడూ నలభై. మూడూ నలభై ఐదు. ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. కోడలికి అత్తగారి చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ పట్టుకోలేదు, ఇప్పుడు పట్టుకుంది. అత్తగారు విడిపించుకోలేదు గానీ, "చెయ్యి చెమట పట్టింది నీకు" అని విసుక్కుంది.

అప్పుడే కోడలి ఫోన్ మోగింది. భర్త.

"ఏం రాశారక్కడ?" అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది, పక్కన మనుషులున్నప్పుడు మాట్లాడే గొంతు. "నేను మేనేజరు గదిలో ఉన్నాను. షిఫ్టు మధ్యలో పిలిపించారు. అమ్మేదో సంతకం పెట్టిందంటున్నారు. అబద్ధం కదా?"

"నిజమేనండీ" అంది కోడలు. "మావయ్య మోటారని రాయనన్నారు. అత్తయ్య సాక్షి సంతకం పెట్టారు. నేను ఆపబోయాను. ఇప్పుడు మాత్రం ఆపను."

"అమ్మకి ఫోనివ్వు" అన్నాడు.

అత్తగారు ఫోన్ని చెవికి దూరంగా, నోటికి దగ్గరగా పెట్టుకుంది. అతని మాటలు కోడలికీ వినపడుతున్నాయి.

"అమ్మా, ఆ కాగితం వెనక్కి తీసుకుంటే ఏమీ జరగనట్టే వదిలేస్తామంటున్నారు. ఐదు నిమిషాలు టైమిచ్చారు. నిన్నడిగి చెప్పమన్నారు."

"తీసుకోకపోతే నీ ఉద్యోగం పీకేస్తామన్నారా?"

"అన్నారు."

అత్తగారు ఫోన్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఒరేయ్" అంది. "ఆ రోజు మీ నాన్న సంతకం పెట్టనన్నారు. రెండు రోజులు ఏడ్చి, కాళ్లు పట్టుకుని పెట్టించింది నేను. నీ బతుకు బాగుపడుతుందనుకున్నాను. నువ్వు రోజూ తలొంచుకుని వెళ్లి తలొంచుకుని రావడం చూస్తూనే ఉన్నాను గానీ, ఇది చేసింది నేనేనని ఒప్పుకోలేకపోయాను. నీ ఉద్యోగం పోతే నలుగురం కలిసి ఏదో ఒకటి చేసుకుని బతుకుదాం. కాగితం వెనక్కి తీసుకోను. మీ మేనేజరుతో ఆ మాట చెప్పు."

ఫోన్లో ఎక్కడో దూరంగా ప్రెస్సులు దిగుతున్న చప్పుడు సన్నగా వినపడుతోంది. వెనక తలుపు తెరుచుకుంది. గుమాస్తా కాగితాలు ఒక చేత్తో, ముద్ర ఇంకో చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ. అతని ముఖం చూస్తే ముద్ర వెయ్యమన్నారో వద్దన్నారో తెలియడం లేదు.

"వింటున్నావా?" అంది అత్తగారు.

"వింటున్నానమ్మా." అతని గొంతు మారింది. ఇందాకటి గుసగుస లేదు. "ఫోన్ స్పీకర్లో పెట్టాను. మేనేజరుగారున్నారు, ఇంకో ముగ్గురున్నారు. ఆ రోజు నువ్వు ఏం చూశావో మొదట్నుంచీ చెప్పు. వీళ్లందరికీ వినపడేలా చెప్పు."

అత్తగారు కోడలి భుజం ఆసరా చేసుకుని బెంచీ మీంచి లేచి నిలబడింది.

"పదకొండున్నరకి ఈయన క్యారేజీ పట్టుకుని మీ గేటు దగ్గరికొచ్చాను" అని మొదలుపెట్టింది.